రెండో భాగంలోనైనా ఆ లాఠీ దించండి

పోలీసు కథలు, రాజకీయ అవినీతి కథలు రాస్తున్న తెలుగు సినిమా రచయితలకు, వాటిని తీస్తున్న దర్శకులకు, నిర్మాతలకు

నమస్కారం.

నేను శ్రీకాకుళంలో న్యాయవాదిని. ఇరవై రెండేళ్లుగా క్రిమినల్ కేసులు వాదిస్తున్నాను. వాటిలో చాలా భాగం ఫీజు ఇచ్చుకోలేనివాళ్లవి. సినిమా అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. మంచి నేరకథ వస్తే మొదటి వారంలోనే చూస్తాను. మీ పని మీద గౌరవం ఉండబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొంతకాలం కిందట వచ్చిన ఒక చిత్రం గురించి దాని బృందానికి రెండు ఉత్తరాలు పంపాను. మొదటిది రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, అందినట్టు కార్డు తిరిగి వచ్చింది కానీ జవాబు రాలేదు. నాలుగు నెలలు ఆగి రెండోది పంపాను. దానికీ అంతే. ఇప్పుడు ఆ చిత్రానికి రెండో భాగం ప్రకటించారు. కథ మా జిల్లాలో నడుస్తుందని, పోలీసులూ రాజకీయ నాయకులూ కలిసి చేసే అక్రమాలను బయటపెడుతుందని ప్రకటనలో ఉంది. ఇక చాటుగా రాసి లాభం లేదనిపించి అందరికీ తెలిసేలా రాస్తున్నాను. ఆ చిత్రం పేరు ఇక్కడ పెట్టను. ఒక్క చిత్రాన్ని నిలదీసినంత మాత్రాన తీరేది కాదు నా బాధ.

మొదటి భాగంలో ఒక సన్నివేశం ఉంది. దొంగతనం కేసులో అనుమానితుడైన కూలీని స్టేషన్‌లో బల్ల మీద పడుకోబెట్టి, హీరో అయిన పోలీసు అధికారి అరికాళ్ల మీద లాఠీతో కొడతాడు. నాలుగో దెబ్బకు అతను నిజం చెప్పేస్తాడు, కథ ముందుకు కదులుతుంది. శ్రీకాకుళంలో సాయంత్రం ఆటకు వెళ్లాను. ప్రతి దెబ్బకూ హాలంతా ఈలలు. నా పక్క సీటులో పదేళ్ల పిల్లవాడు కుర్చీ మీద నిలబడి చప్పట్లు కొట్టాడు. వాళ్ల నాన్న వాణ్ణి కూర్చోబెట్టలేదు.

ఆ ఈలల మధ్య నాకు ఒక తల్లి కళ్ల ముందు మెదిలింది. పలాస వైపు జీడిపప్పు బట్టీలో పని చేస్తుందామె. జీడి నూనెకు వేళ్ల చివర్లు నల్లగా కాలిపోయి ఉంటాయి. ఒక రోజు ఉదయం నా ఆఫీసుకు కొడుకుని తీసుకొచ్చింది. మోటారు సైకిలు పోయిన కేసులో అనుమానం మీద పట్టుకెళ్లి మూడు రోజులు ఉంచుకుని వదిలేశారు. అతను గోడ పట్టుకుని మడమల మీద నడుస్తున్నాడు. ఆమె చేతిలో పాలిథిన్ సంచి ఉంది. అందులో కాగితాలు ఉన్నాయేమోనని చేయి చాపాను. ఆమె సంచి విప్పి చూపించింది. కొడుకు చెప్పులు. అరికాళ్లు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు, "మళ్లీ పడతాయేమో అని తెచ్చానమ్మా" అంది. నెల తరువాత ఆ బండి వేరే ఊళ్లో, వేరే మనిషి దగ్గర దొరికింది. ఈ కుర్రాడి పేరు ఏ కాగితంలోనూ ఎక్కలేదు కాబట్టి అతన్ని ఎవరూ పట్టుకోనట్టే, కొట్టనట్టే లెక్క. ఇప్పటికీ అతను ఆ స్టేషన్ ఉన్న రోడ్డు మీదుగా పనికి వెళ్లడు. చెరువు గట్టు చుట్టూ తిరిగి వెళతాడు.

మీ సన్నివేశంలో నాలుగో దెబ్బకు నిజం వచ్చింది. ఈ కుర్రాడి దగ్గర చెప్పడానికి నిజం ఏమీ లేదు. అలాంటివాణ్ణి ఎన్ని దెబ్బలు కొడతారో మీ సినిమాలు ఎప్పుడూ చూపించలేదు.

రెండో భాగం అంటే నాకు ఆశ కలగడానికి కారణం ఉంది. 2007లో బ్రెజిల్‌లో "ఎలీట్ స్క్వాడ్" అనే సినిమా వచ్చింది. దర్శకుడు జోజే పడీలియా. రియో నగరంలోని ప్రత్యేక పోలీసు దళం కథ. అందులో కెప్టెన్ నాసిమెంటో అనుమానితుల తల మీద ప్లాస్టిక్ సంచి కప్పి ఊపిరాడకుండా చేసి నిజం రాబడతాడు. ఆ సినిమాకు బెర్లిన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి వచ్చింది. అయితే జనం ఆ కెప్టెన్‌ని వీరుడిగా నెత్తిన పెట్టుకున్నారు. హింసను కీర్తించారని దర్శకుడి మీద విమర్శలు వచ్చాయి. 2010లో ఆయన రెండో భాగం తీశాడు. అదే మనిషి, అదే నటుడు. ఈసారి ఆ అధికారి పదోన్నతి పొంది ప్రభుత్వ భద్రతా శాఖలో కూర్చుంటాడు. మత్తుమందుల ముఠాలను బస్తీల నుంచి తరిమేస్తాడు. ఖాళీ అయిన ఆ బస్తీల్లోకి అవినీతి పోలీసులే ముఠాలుగా దిగుతారు. గ్యాసు బండకు ఇంత, కేబుల్ కనెక్షన్‌కు ఇంత అని జనం దగ్గర వసూలు చేస్తారు. ఆ బస్తీల ఓట్లు నాయకుడికి అప్పగిస్తారు. తాను కొట్టిన దెబ్బలన్నీ చివరకు ఎవరికి ఉపయోగపడ్డాయో ఆ అధికారికి అర్థమవుతుంది. అతను శాసనసభ విచారణ సంఘం ముందుకు వచ్చి సాక్ష్యం చెబుతాడు. అందులోనూ ఒక రాజకీయ నాయకుణ్ణి రోడ్డు మీద చితకబాదే సన్నివేశం ఉంది, దానికీ చప్పట్లు పడి ఉంటాయి. కథ మాత్రం అక్కడ ఆగలేదు. కోటి మందికి పైగా ఆ సినిమాను హాళ్లలో చూశారు. అప్పటివరకు ఆ దేశపు సినిమా దేనికీ అంత మంది రాలేదు. లాఠీని తప్పుబడితే డబ్బులు రావని మీలో ఎవరైనా అంటే నా దగ్గర ఉన్న జవాబు ఇది.

ఆ కథ ఊహ కూడా కాదు. రియో రాష్ట్ర శాసనసభ 2008లో ఇలాంటి ముఠాల మీద నిజంగానే విచారణ జరిపింది. దానికి నాయకత్వం వహించిన సభ్యుడి దగ్గర పని చేసి, తరువాత నగర సభకు ఎన్నికైన మారియెల్ ఫ్రాంకోను 2018 మార్చిలో కాల్చి చంపారు. ఆ హత్య వెనుక ఉన్నారన్న ఆరోపణ మీద 2024లో అరెస్టయినవారిలో ఇద్దరు రాజకీయ నాయకులు, ఆ రాష్ట్ర పోలీసు విభాగం మాజీ అధిపతి ఒకరు ఉన్నారు.

మా జిల్లా కథకు రెండో భాగం రాసేటప్పుడు మీ ముందు ఉంచాలనుకున్నవి ఇవి.

1. కొట్టి చెప్పించినదాన్ని నిజంగా చూపించకండి. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలును ముద్దాయి మీద సాక్ష్యంగా వాడకూడదని భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ చెబుతోంది. పాత చట్టంలోనూ అదే ఉండేది. బ్రిటిష్ కాలంలోనే ఆ నియమం పెట్టారంటే పోలీసు దెబ్బల సంగతి వాళ్లకూ తెలుసునన్నమాట. దెబ్బల మీద ఆధారపడిన కేసు కోర్టులో వీగిపోతుంది. అప్పుడు నష్టపోయేది ఎవరనుకుంటున్నారు? నగలు పోయిన ముసలమ్మ, చనిపోయిన పిల్ల తండ్రి. కేసు కొట్టేసిన రోజు కోర్టు వరండాలో వాళ్ల మొహాలు నేను చూశాను. అసలు దోషి ఏ ఊళ్లోనో హాయిగా ఉంటాడు. వేలిముద్ర, ఫోను రికార్డు, పొలం గట్టున చూసిన సాక్షి, వీటితో నేరస్థుణ్ణి పట్టుకునే ఎస్సైలు మా జిల్లాలో ఉన్నారు. వాళ్ల తెలివిలో మీకు కథ దొరకడం లేదంటే నేను నమ్మను.

2. ఎన్‌కౌంటర్‌ను పతాక సన్నివేశంగా పెట్టడం మానండి. ఆ మాట మా జిల్లాకు కొత్త కాదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులను భూస్వాముల వర్గం కాల్చి చంపింది. కోర్టులో నిందితులు నిర్దోషులుగా బయటకు వచ్చారు. ఆ తరువాత కొండల్లో సాయుధ పోరాటం నడిచింది. 1969లో, 1970లో ఒక్కొక్కరే ఎదురుకాల్పుల్లో చనిపోయినట్టు ప్రకటనలు వచ్చాయి. ఆ పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణాలను కూడా అలాగే ప్రకటించారు. వాళ్ల రాజకీయాలతో నాకు ఏకీభావం ఉందా లేదా అన్నది వేరే సంగతి. ఎదురుకాల్పులు అన్న మాట వినగానే మా ఊళ్లలో ఒక తరం పెద్దలు ఇప్పటికీ తల పక్కకు తిప్పుకుంటారు.

2019 డిసెంబరు 6న హైదరాబాదు దగ్గర దిశ కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. ఆ అమ్మాయికి జరిగిన ఘోరం తలచుకుంటే నాకూ రక్తం మరిగింది. జనం పోలీసుల మీద పూలు చల్లారు. కొద్ది రోజులకే మన రాష్ట్ర శాసనసభలో ఆనాటి ముఖ్యమంత్రి, సినిమాలో హీరో ఎన్‌కౌంటర్ చేస్తే మనమంతా చప్పట్లు కొడతామన్న సంగతి ఎత్తి, తెలంగాణ పోలీసులను మెచ్చుకున్నారు. చట్టాలు చేసే సభలో మీ సినిమా ఉదాహరణ అయింది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటకు వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. పూలు చల్లిన దృశ్యాలు తెలిసినంతగా ఆ నివేదిక ఎవరికీ తెలియదు. దాన్ని చదివి ఒక్కరైనా కథ రాశారా?

3. అవినీతి ఎలా నడుస్తుందో ఉన్నది ఉన్నట్టు చూపించండి. మీ సినిమాల్లో అది ఎప్పుడూ సూట్‌కేసులో నోట్ల కట్టలు, గోదాములో రహస్య సమావేశం. నేను చూసే అవినీతి అంతా కాగితం మీద ఉంటుంది. సోమవారం రాత్రి మనిషిని ఇంటి నుంచి తీసుకుపోతారు. బుధవారం సాయంత్రం బస్టాండు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నట్టు, స్టేషన్‌లో ఏ రోజు ఏం జరిగిందో నమోదు చేసే జనరల్ డైరీలో రాస్తారు. అరెస్టు చేసినవారిని ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది కాబట్టి ఆ గంటలు బుధవారం నుంచి మొదలవుతాయి. మధ్యలో పోయిన రెండు రాత్రులకు లెక్క ఉండదు. కెమెరా రికార్డు ఇవ్వమని అడిగితే ఆ రోజు కెమెరా పని చేయలేదని జవాబు వస్తుంది. ప్రతి స్టేషన్‌లో, లాకప్‌తో సహా, కెమెరాలు పెట్టి రికార్డులు భద్రపరచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇక గంజాయి. ఒడిశా సరిహద్దు దాటి ఇచ్ఛాపురం మీదుగా పోయే జాతీయ రహదారి మీద బస్సులో ఒక కుర్రాడు దొరుకుతాడు. సంచుల్లో ఇరవై కిలోలు దాటితే చట్టం ప్రకారం తక్కువలో తక్కువ పదేళ్లు శిక్ష. బెయిలు రావడం గగనం. ఆ సంచి ఎవరిదో, విశాఖలో ఎవరు అందుకోవాలో, ముందు వెళుతున్న కారులో ఎవరు ఉన్నారో అభియోగపత్రంలో ఉండదు. అలాంటి ఒక కుర్రాడి కేసు నేను వాదించాను. యజమాని పేరు తనకు నిజంగానే తెలియదు, గొంతు మాత్రం ఫోనులో విన్నానన్నాడు. మీ తెర మీద గంజాయి రాజును హీరో చంపుతాడు. మా జైల్లో ఉండేది మాత్రం ఈ కుర్రాడే.

ఎస్సైని ఆ కుర్చీలో ఎవరు కూర్చోబెట్టారన్నది అసలు ప్రశ్న. అధికారులకు కనీసం రెండేళ్లు ఒకే చోట పని చేసే భద్రత ఉండాలని, బదిలీలు రాజకీయ నాయకుల చేతుల్లో కాకుండా పోలీసు బోర్డు చూసుకోవాలని, శాంతిభద్రతల పనినీ దర్యాప్తునూ విడదీయాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. నాయకుడి సిఫార్సు ఉత్తరంతో పోస్టింగు తెచ్చుకున్నవాడు ఇసుక లారీని ఎలా ఆపుతాడు? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ రెండున్నర గంటల సినిమా తీయవచ్చు. ఒక్క తుపాకీ కూడా అక్కర్లేదు.

4. కానిస్టేబులును మనిషిగా చూపించండి. మా నాన్నగారు హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యారు. అరసవల్లి రథసప్తమికి, విజయనగరంలో సిరిమాను ఉత్సవానికి బందోబస్తు వేస్తే రెండు రోజులు నిలబడే ఉండేవారు. ఇంటికి వచ్చాక అమ్మ వేడి నీళ్లలో ఉప్పు వేసి బేసిన్ పెట్టేది. ఆయన బూట్లు విప్పుకోలేకపోతే నేను విప్పేదాన్ని. ఒకసారి డైరీలో అరెస్టు సమయం మార్చి రాయమంటే ఆయన రాయనన్నారు. మూడు నెలల్లో బదిలీ. నాది పదో తరగతి మధ్యలో ఉంది. కొత్త ఊరు, కొత్త బడి. ఆయన ఎవరినీ కొట్టలేదని నేను చెప్పలేను, నాకు తెలియదు, అడిగే ధైర్యం రాలేదు. రాయనన్న ఆ ఒక్క రోజు గురించి మాత్రం ఆయన చనిపోయేదాకా ఒకటే మాట అనేవారు: "ఆ పేజీ నా చేతిరాతలో లేదు." మీ సినిమాల్లో కానిస్టేబుళ్లు హీరో వెనుక నిలబడి నవ్వడానికి, లేదా విలన్ దగ్గర కవరు తీసుకోవడానికి మాత్రమే ఉంటారు. పేజీ రాయనన్నవాడి కథ మీలో ఎవరూ చెప్పలేదు.

5. మా మాటను దొంగకు, పనిమనిషికి, రౌడీ వెనుక తిరిగేవాడికి అంటగట్టకండి. మొదటి భాగంలో దెబ్బలు తిన్నవాడు మా యాసలో ఏడిస్తే హాల్లో నవ్వారు. ఈ యాసలోనే మా జడ్జీలు, డాక్టర్లు, లెక్కల మాస్టార్లు ఇళ్లలో మాట్లాడుకుంటారు. హైదరాబాదులో, చెన్నైలో మా వలస కూలీ నోరు విప్పగానే వాచ్‌మన్‌కు అనుమానం వస్తోంది. వస్తువు పోతే ముందు ఈ యాస మాట్లాడేవాడి సంచి విప్పిస్తున్నారు. ఆ అనుమానంలో మీ సినిమాల పాలు ఉంది.

పైన రాసినవన్నీ మీ ఆలోచనకు వదిలాను. కింది మూడు మాత్రం డిమాండ్లు.

మొదటిది, కస్టడీ హింస చూపించే ప్రతి సన్నివేశంలోనూ అది నేరమని తెర మీద కనిపించాలి. సిగరెట్ కాల్చే సన్నివేశానికి హెచ్చరిక వేస్తున్నారు. మనిషి అరికాళ్లు పగలగొట్టే సన్నివేశానికి ఎందుకు వేయరు?

రెండోది, సినిమా మొదట్లో పది క్షణాల పాటు 15100 నంబరు వేయండి. అది ఉచిత న్యాయ సహాయం నంబరు. కస్టడీలో ఉన్నవారికి, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వం ఖర్చుతో వకీలును ఇవ్వాలని 1987 నాటి చట్టంలో ఉంది. అరెస్టు చేస్తే ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి, అరెస్టు మెమో మీద సాక్షి సంతకం ఉండాలి, నలభై ఎనిమిది గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి అని డి.కె. బసు కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పుల సంచితో వచ్చిన ఆ తల్లికి వీటిలో ఒక్కటీ తెలియదు. మీ సినిమా మాత్రం ఆమె చూసింది. ఆమెకు మూడు రోజుల ముందే ఆ నంబరు తెలిసి ఉంటే ఆ సంచి అవసరం ఉండేది కాదు.

మూడోది, మా జిల్లా కథ అని ప్రకటించినవారు చిత్రీకరణ మొదలుపెట్టక ముందే ఒక్క వారం ఇక్కడికి రండి. సోమవారం ఉదయం పదిన్నరకల్లా జిల్లా కోర్టు వరండాలో ఉంటే చాలు. రిమాండుకు తెచ్చినవాళ్లను జీపు దింపుతుంది. ఎవరు ఎలా నడుస్తున్నారో మీరే చూస్తారు. మధ్యాహ్నం నా ఆఫీసులో కూర్చోవచ్చు. కక్షిదారుల అనుమతి ఉన్నంతవరకు, పేర్లు తీసేసి, కేసు కాగితాలు చదివి వినిపిస్తాను. మీ స్క్రిప్టులో చట్టానికి సంబంధించిన పేజీలు చూసిపెట్టడానికి నాతో పాటు మరో ముగ్గురు న్యాయవాదులు ఒప్పుకున్నారు. ఎవరికీ రూపాయి ఇవ్వనక్కర్లేదు, తెర మీద పేరూ వేయనక్కర్లేదు.

ఈ ఉత్తరం ప్రతిని ఆ చిత్రం బృందానికి మళ్లీ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. ముప్పై రోజులు ఎదురుచూస్తాను. జవాబు రాకపోతే ఇవే అంశాలతో సెన్సారు బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి, మానవ హక్కుల కమిషన్‌కు రాస్తాను. ఆ కాగితాల మీద సంతకం పెడతానని పలాస తల్లి ముందే చెప్పింది. ఆమెకు రాయడం రాదు, వేలిముద్ర వేస్తుంది.

ఇట్లు,
ఒక న్యాయవాది,
శ్రీకాకుళం